మోడల్ హెలికాప్టర్: హోవర్‌లో తోక ఊగుతోంది, గెయిన్ తగ్గిస్తే ముక్కు తిరిగిపోతోంది

నాగావళి450 (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. నాది రిమోట్‌తో ఎగరేసే 450 సైజు మోడల్ హెలికాప్టర్, తోక రెక్కల్ని బెల్ట్ తిప్పే రకం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సంక్రాంతి నుంచి రోజూ తెల్లవారుజామున, గాలి లేవకముందే, నాగావళి ఇసుకలో మనుషులు లేని చోట ఎగరేస్తున్నాను. నెల రోజులు తోక గీత గీసినట్టు నిలబడింది. రెండు వారాలుగా గాల్లో నిలపగానే అటూ ఇటూ ఊగుతోంది. గెయిన్ (తోకని నిలబెట్టే జైరో ఎంత గట్టిగా దిద్దాలో చెప్పే సెట్టింగ్) 75 నుంచి 50కి తగ్గిస్తే ఊగడం ఆగుతోంది గానీ, థ్రాటిల్ పెంచగానే ముక్కు ఎడమకి తిరిగిపోతోంది. నిన్న అలాగే తిరిగి స్కిడ్ (నేల మీద ఆనే కాలు) విరిగింది. జైరో పోయిందంటారా? కొత్తది కొనాలంటే ఇంట్లో ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది.

గాలిమర (విజయనగరం):
జైరో మార్చేయ్ తమ్ముడూ. పాతవాటితో ఎంత కుస్తీ పట్టినా అంతే.

మిల్లుఫిట్టర్ (రాజాం):
బాబూ, అప్పుడే డబ్బు పెట్టకు. నేను జూట్ మిల్లులో ఫిట్టర్‌ని. స్పిండిల్ పట్టేస్తే ముందు బేరింగ్ చూస్తాం, మోటార్ జోలికి పోము. ఇక్కడా అంతే. జైరో సర్వోకి (తోకని కదిపే చిన్న మోటార్) చెబుతుంది, సర్వో స్లైడర్‌ని (తోక షాఫ్ట్ మీద జారుతూ తోక రెక్కల కోణం మార్చే ముక్క) నెడుతుంది. ఆ స్లైడర్ పట్టి పట్టి కదిలితే తోక ఆలస్యంగా స్పందిస్తుంది, జైరో ఎక్కువ దిద్దేస్తుంది, మళ్ళీ వెనక్కి లాగుతుంది. నీకు కనిపించే ఊపు అదే. గెయిన్ తగ్గించడమంటే జైరో చేతులు కట్టేయడమే, అందుకే ముక్కు తిరుగుతోంది.

ముందు బ్యాటరీ తీసెయ్. తోక సర్వో దగ్గర లింక్ (స్లైడర్ దాకా వెళ్ళే కడ్డీ) ఊడదీసి, బూమ్ (తోక గొట్టం) నిలువుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పు. ఆ కడ్డీ బరువుకే స్లైడర్ జారాలి. జారకపోతే దొంగ దొరికినట్టే. బెల్ట్ కూడా చూడు, వేలితో నొక్కితే అవతలి వైపుకి తగలకూడదు.

అన్నీ జారుతుంటేనే సెట్టింగ్ మొదలుపెట్టు. రిమోట్‌లో సబ్‌ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగ్) సున్నా. సర్వో హార్న్ (లింక్‌ని లాగే దాని చేయి) లింక్‌కి 90 డిగ్రీల్లో ఉండాలి. హెడింగ్ హోల్డ్ (ముక్కుని ఒకే దిక్కున పట్టి ఉంచే జైరో మోడ్) ఆపి రేట్ మోడ్‌లో (తిరగడాన్ని అణచడమే గానీ దిక్కు పట్టి ఉంచనిది) ఎగరెయ్. ముక్కు ఒక పక్కకి పోతుంటే ట్రిమ్ ముట్టుకోకు, దించి లింక్ పొడవు మార్చు. రేట్ మోడ్‌లో దాదాపు నిలబడ్డాకే హెడింగ్ హోల్డ్‌కి వెళ్ళు. అప్పటికీ ఊగితే హార్న్ మీద లింక్ తగిలించే బాల్‌ని ఒక రంధ్రం లోపలికి మార్చు. సర్వో అనలాగ్‌దైతే జైరోలో డిజిటల్ ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎక్కువసార్లు ఆదేశాలు పంపేది) పెట్టకు, కాలిపోతుంది.

నాగావళి450:
మాస్టారూ, దొరికింది! బూమ్ నిలువుగా పట్టుకుంటే స్లైడర్ సగంలో ఆగిపోయింది. విప్పి చూస్తే తోక షాఫ్ట్ మీద నేను వేసిన నూనె, ఇసుక కలిసి నల్లటి ముద్దలా పేరుకుంది. వేళ్ళ మధ్య నలిపితే కరకరమంది. నూనె వేస్తే బాగా జారుతుందని నేనే ఎక్కువ పోశాను. స్పిరిట్‌తో తుడిచి పొడిగా బిగించాను, ఇప్పుడు తనంతట తానే జారుతోంది.

రేట్ మోడ్‌లో ముక్కు ఎడమకే పోయింది. లింక్ రెండు చుట్లు తిప్పాక ఆగింది. గెయిన్ 70కి పెంచినా ఊపు లేదు.

గాలిమర:
నేను తొందరపడి చెప్పాను తమ్ముడూ. నాదీ ఈ ఆదివారం విప్పి చూస్తాను.

మిల్లుఫిట్టర్:
సంతోషం బాబూ. మరి రోజూ ఆ ఇసుకలోంచే లేపుతున్నావా?

నాగావళి450:
లేదండీ. ఇవాళ్టి నుంచి బరకం పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి దాని మీంచే లేపుతున్నాను.