రోజూ ఆఫీసుకు తిరగడానికి పాత ఎస్‌యూవీ: 2018 డీజిల్ బ్రెజానా, 2021 పెట్రోల్ బ్రెజానా?

కూకట్‌పల్లి వాసి:

నేను రోజూ కూకట్‌పల్లి నుంచి నానక్‌రామ్‌గూడకు ఆఫీసుకు వెళ్లి వస్తాను. రానూపోనూ ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా మొదటి గేరు, రెండో గేరు తప్ప మరొకటి పడని దారి. నెలకోసారి ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్తాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కావడం వల్ల, వంగి కూర్చోవలసిన కారు వద్దనుకుని కాస్త ఎత్తున్న బండి కోసం చూస్తున్నాను. కాగితాల ఖర్చుతో కలిపి ఎనిమిది లక్షలు దాటలేను.

రెండు బండ్ల దగ్గర ఆగాను. ఒకటి 2018 నాటి డీజిల్ మారుతి విటారా బ్రెజా, ఏపీ 16 నంబరుతో విజయవాడ రిజిస్ట్రేషన్, మీటరు మీద 92 వేల కిలోమీటర్లు, అడుగుతున్నది ఆరున్నర లక్షలు. రెండోది 2021 నాటి పెట్రోల్ మాన్యువల్ బ్రెజా, హైదరాబాద్‌లోనే ఒకే ఓనరు చేతిలో 41 వేలు తిరిగింది, ధర ఏడు లక్షల డెబ్బై ఐదు వేలు. మా బావగారు డీజిలే తీసుకోమంటున్నారు, ఆఫీసులో వాళ్లు పాత డీజిల్ జోలికే పోవద్దంటున్నారు. ఐదారేళ్లు ఉంచుకోవాలని నా ఉద్దేశం. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరు.

డీజిల్ పక్షపాతి:

ముందు లెక్క చూద్దామండీ. మీరు చెప్పినదాన్ని బట్టి ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు ఖాయం. కంపెనీ ప్రకటించిన 24.3, 17.03 మైలేజీలను పక్కన పెట్టి, ఊళ్లోనూ హైవేలోనూ కలిపి డీజిల్ బండి లీటరుకు 16, పెట్రోల్ బండి 12 ఇస్తాయనుకున్నా, ఒకదానికి 750 లీటర్లు, రెండోదానికి 1000 లీటర్లు పడతాయి. 2025లో హైదరాబాద్ బంకుల్లో ఉన్న ధరలు, అంటే డీజిల్ సుమారు 96, పెట్రోల్ సుమారు 107 రూపాయలు వేసుకుంటే, ఏటా 35 వేల తేడా వస్తుంది. కొనేటప్పుడే లక్షా పాతిక వేలు మిగులుతున్నాయి కదా, ఈ రెండూ కలిపితే ఐదేళ్లలో మూడు లక్షలు. ఇది కాదనగలిగే మొత్తం కాదు.

ఇక "పాత డీజిల్ వద్దు" అనేవారిలో చాలామంది కొత్త పొగ ప్రమాణాలైన బీఎస్6 డీజిళ్ల కష్టాన్ని తెచ్చి, అంతకు ముందరి బీఎస్4 బండికి అంటగడుతున్నారు. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే ఆరువందల డిగ్రీల దరిదాపుల్లో వేడి పుట్టాలి, అంత వేడి పుట్టాలంటే బండి కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. మీ జేఎన్‌టీయూ దారిలో అది జరగదు కాబట్టి, మీరు 2021 డీజిల్ ఏదైనా అడిగి ఉంటే నేనే వద్దనేవాణ్ణి. 2018 బ్రెజాలో ఆ వడపోతే లేదు. పైగా అందులో ఉన్న 1.3 లీటర్ల ఫియట్ ఇంజనే స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాలతో పాటు టాటా విస్టా, మాంజాలలోనూ తిరిగింది. ఖమ్మం దారిలో ఏ ఊళ్లో ఆగిపోయినా దాన్ని విప్పి బిగించగల మేస్త్రి దొరుకుతాడు.

మియాపూర్ నివాసి:

పక్షపాతి గారి లెక్కలో తప్పు లేదు గానీ, ఆ లెక్క ఇద్దరు వేర్వేరు మనుషుల ప్రయాణాన్ని సగటు తీసినట్టుంది. ఈయన రోజూ నడిపేది ఖమ్మం హైవే మీద కాదు. ఆ 1.3 ఇంజనుకు ఇంచుమించు 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాకా, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో సరిగా అందుకోదు, అందుకున్నాక ఒక్కసారిగా లాగుతుంది. ముందు బండికీ మనకూ మధ్య జానెడు సందున్న ట్రాఫిక్‌లో ఆ బండిని క్లచ్ మీద పాదం ఆనించి తోలక తప్పదు, అలా తోలిన క్లచ్ ప్లేట్లు ఎంతకాలం ఉంటాయో అందరికీ తెలిసిందే. పెట్రోల్ బ్రెజాలోని 1.5 ఇంజనుకు టర్బో లేదు. హైవే మీద అది హుషారైన బండి కాదని నేనే ఒప్పుకుంటాను, కానీ రెండో గేరులో నడక వేగంతో సణగకుండా పోతుంది.

వయసు సంగతి కూడా చూడాలి. మీరు అనుకున్నట్టు ఐదారేళ్లు వాడి అమ్మేనాటికి డీజిల్ బండి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు అంచుకు చేరి ఉంటుంది. అప్పటికి దాని ధర దాదాపు ఇనుము ధరే. పెట్రోల్ బండికి ఇంకా నాలుగైదేళ్ల ఆయుష్షు ఉంటుంది కనుక ఇప్పుడు ఎక్కువ పెట్టిన సొమ్ములో కొంతైనా తిరిగి వస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్‌కు ఇంజెక్టర్లు, టర్బో, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు వంటివి ఒకదాని తర్వాత ఒకటి ఖర్చు చెప్పడం మొదలుపెడితే పక్షపాతి గారి ఏటి మిగులు షెడ్డుకే పోతుంది.

పెట్రోల్ వైపున్న లోటు కూడా నేనే చెబుతాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో ఎక్కువ భాగం దానికోసం చేసినవి కావు. పది శాతం ఇథనాల్ ఉండే ఇ10కు సరిచేసిన నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ప్రణాళికలోనే ఉంది. అందువల్ల 12 అన్నది 11కు పైచిలుకు అవుతుంది. ఇంధన గొట్టాల రబ్బరును సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా చూపించుకోవాలి.

షెడ్డు మేస్త్రి:

ఇద్దరు పెద్దలూ ఇంధనం గురించి వాదిస్తున్నారు గానీ, ఆ డీజిల్ బండి విజయవాడదన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. నా అనుభవంలో పాత బండి విషయంలో మోడల్ మంచిదా అన్న ప్రశ్న రెండో వరసది, ఈ ఒక్క బండి ఎక్కడ నిలబడింది, ఎవరు తోలారు అన్నది మొదటి వరసది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగినప్పుడు వీధుల్లో నిలిపిన బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. బీమా కంపెనీలు పరిహారం చెల్లించి వదిలేసిన బండ్లు వేలంలో కొనుక్కుని, కడిగి, సీట్లు మార్చి పక్క రాష్ట్రంలో అమ్మేవారు ఉంటారు. విజయవాడ బండి అంటేనే మునిగిన బండి అని నేను అనడం లేదు, ఆ మాటకొస్తే 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో మునిగినవీ తక్కువేమీ కావు. ఆ నాడు ఈ బండి ఎక్కడుందో తేలకుండా మాత్రం టోకెన్ ఇవ్వవద్దంటున్నాను.

తేల్చుకోవడం కష్టం కాదు. ముందు సీట్ల బెల్టును చివరిదాకా, అంటే ఇక రానంతవరకు లాగండి. ఎంత కడిగినా ఆ చుట్ట లోపలి కొసను ఎవరూ కడగరు కనుక, నీరు నిలిచిన మట్టాన్ని చూపించే మట్టి గీత అక్కడ దొరుకుతుంది. సీటు కింద పట్టాల బోల్టుల తుప్పు, స్టెపినీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద స్పాంజి వాసన కూడా చూడండి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి పాత జాబ్ కార్డులు, అంటే ప్రతి సర్వీసుకూ రాసి ఉంచిన వివరాలు అడగండి. ఓనరు పక్కన ఉంటే చూపిస్తారు. 2022లో 85 వేలు చూపించి, ఇప్పుడు 92 వేలే ఉన్నాయంటే మీటరు తిప్పారేమోనని గట్టిగా అనుమానించాలి.

బండిని ఉదయమే, మీరు వెళ్లేదాకా స్టార్ట్ చేయకుండా ఉంచమని ఓనరుకు ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఆ బేరం అక్కడే ఆపవచ్చు. చల్లని ఇంజను తిప్పిన మొదటి రెండు మూడు సెకన్లు ముందు భాగంలో గొలుసు గలగలలాడినట్టు వినిపించి ఆగిపోతే, అది టైమింగ్ చైనుదో, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరుదో అయి ఉంటుంది. ఈ 1.3 ఇంజనుకు బెల్టు కాదు, చైను ఉంటుంది. దానికి మార్పు గడువు ఉండదని చెబుతారు గానీ, ఆయిల్ సకాలంలో మార్చని బండ్లలో అది సాగుతుంది. తర్వాత ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూతను విప్పి, బిగించకుండా దాని చోటే ఊరికే పెట్టండి. కాస్త వణకడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ, కింద నుంచి పొగ కొట్టుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

పెట్రోల్ బండికీ ఇవే పరీక్షలు చేయండి. 41 వేలేనంటున్నారు కదా, క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ అంకెను నమ్మకండి.

పాత బండ్ల ప్రేమికుడు:

బ్రెజాలకే ఎందుకు కట్టుబడాలి? ఇదే డబ్బుకు ఢిల్లీ నుంచి వచ్చిన క్రెటా 1.6 డీజిల్ ఆటోమేటిక్, 2017 మోడల్, ఎన్‌ఓసీతో (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రంతో) సహా దొరుకుతోంది. ఆ గేర్‌బాక్సు మామూలు టార్క్ కన్వర్టర్ రకం, అంటే క్లచ్ ప్లేట్ల బదులు నూనె ద్వారా శక్తిని అందించేది, ట్రాఫిక్‌లో ఇంతకన్నా సుఖమైనది లేదు. క్లచ్ గొడవే ఉండదు.

మియాపూర్ నివాసి:

గేర్‌బాక్సు సంగతి ఒప్పుకుంటానండీ. అయితే అది ఇంత తక్కువకు ఎందుకొస్తోందో కూడా చెప్పాలి. పదేళ్లు దాటిన డీజిళ్లు ఢిల్లీ పరిధిలో తిరగరాదని హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ గడువు దగ్గరపడే కొద్దీ అక్కడివారు వదిలించుకుంటూ వచ్చారు. అది బండి లోపం కాదు, నిజమే, కానీ ఇక్కడికి తెచ్చాక తెలంగాణలో లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. ప్రశ్న అడిగినవారి విజయవాడ బండికీ ఇదే వర్తిస్తుంది. రాష్ట్రం విడిపోయాక ఏపీ బండి మనకు పొరుగు రాష్ట్రం బండే కనుక, పక్షపాతి గారు చెప్పిన లక్షా పాతిక వేల మిగులులోంచి ఆ పన్నును ముందు తీసేయాలి.

డీజిల్ పక్షపాతి:

పన్ను తీసేస్తే మిగులు తగ్గుతుంది, పోదు. బండి వయసును బట్టి పన్ను కూడా తగ్గుతుంది కదా. ఇంజెక్టర్లు పోతాయి, టర్బో పోతుంది అని ముందే శాపం పెడితే ఏ బండీ కొనలేం. మేస్త్రి గారు చెప్పిన పరీక్షల్లో నెగ్గిన డీజిల్‌ను కూడా వయసు సాకుతో కాదంటే అది వాదన కాదు, భయం. మేస్త్రి గారితో నాకు పేచీ లేదు.

రిజిస్ట్రేషన్ కాగితాలు:

ఏ బండి కొన్నా ఒక మాట. పాత అప్పు ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35, పొరుగు రాష్ట్రపు బండి అయితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, బదిలీకి 29, 30 ఫారాలు ఓనరు సంతకంతో చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. "పేరు నెమ్మదిగా మార్చుకోవచ్చు, బీమా ఇంకా ఆరు నెలలుంది" అని బ్రోకర్లు చెబుతారు. ఆర్‌సీ మారాక బీమా కూడా మీ పేరు మీదికి మారకపోతే, ఢీకొన్న అవతలివారికి పరిహారం వస్తుంది గానీ మీ బండి మరమ్మతుకు పైసా రాదు. బీమా క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరు సంపాదించుకున్న రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుంది కనుక, ఆ మేరకు కట్టవలసిన ప్రీమియం తేడాను బేరంలోనే అడగండి.

కూకట్‌పల్లి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారి మాట ప్రకారం విజయవాడ ఓనరుకు ఫోన్ చేసి, 2024 సెప్టెంబరులో బండి ఎక్కడుందని అడిగాను. గుంటూరులో తమ అన్నయ్యగారింట్లో ఉందన్నారు. అయితే ఆ నెల ముందూ తర్వాతా సర్వీసు చేసిన జాబ్ కార్డులు చూపించమంటే, బ్రోకర్‌ను అడగమన్నారు. బ్రోకర్ ఇప్పటికీ పంపలేదు, ఈలోగా ధర మాత్రం ఇరవై వేలు తగ్గించాడు. ఆ బండిని అక్కడితో వదిలేశాను.

పెట్రోల్ బండి ఓనరు శనివారం ఉదయం ఏడింటికి ఇంజను ముట్టకుండా ఉంచుతానని, అటునుంచి ఇద్దరం కలిసి సర్వీసు సెంటరుకు వెళ్దామని ఒప్పుకున్నారు. మేస్త్రి గారూ, ఆ రోజు మీకు వీలైతే కాస్త వచ్చి చూడగలరా? మీ రుసుము ఎంతో చెప్పండి.

షెడ్డు మేస్త్రి:

వస్తానండీ. సర్వీసు సెంటరు ఎక్కడో, ఓనరు ఇల్లు ఎక్కడో వాట్సాప్‌లో పెట్టండి. ఇంజను లోపాలను చదివే స్కానర్ నేను తెస్తాను, మీరు ఒక టార్చిలైటు తెచ్చుకోండి, బండి కిందికి మీరూ వంగి చూడాలి. రుసుము సంగతి బండి చూశాక మాట్లాడుకుందాం.