ఏసీఎల్ ఆపరేషన్ అయిన ఆరో నెలలో మళ్లీ షటిల్ ఆడవచ్చా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):

నేను వారాంతాల్లో మా ఆఫీసు జట్టు తరఫున షటిల్ ఆడేదాన్ని. ఒక రోజు స్మాష్ కొట్టి ఎడమ కాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి మడతపడి టప్పుమని శబ్దం వచ్చింది. రెండు గంటల్లో మోకాలు కొబ్బరికాయంత అయింది. మొదట చూసిన డాక్టరుగారు ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదని, బెణుకేనని చెప్పి కట్టు కట్టి పంపారు. మూడు వారాలకు వాపు దిగి నేను మామూలుగా నడుస్తుండడం చూసి, టోర్నమెంటు ఎగ్గొట్టడానికి సాకు చెబుతున్నానని జట్టువాళ్లు అన్నారు. మెట్లెక్కగలిగినదానికి ఆటకు అడ్డేమిటని మా అత్తగారూ అడిగారు. కానీ బస్సు దిగి పక్కకు తిరిగినప్పుడల్లా మోకాలు పట్టు తప్పేది. చివరికి నేనే పట్టుబట్టి ఎంఆర్‌ఐ తీయించుకుంటే ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి నార) పూర్తిగా తెగిందని తేలింది.

ఆపరేషన్ అయి ఆరు నెలలు గడిచాయి, నొప్పి లేదు. అప్పుడు నటన అన్నవారే ఇప్పుడు ‘నొప్పి లేదుగా, ఇంకా భయమెందుకు’ అంటున్నారు. మా ఫిజియో మాత్రం 9 నెలల లోపు కోర్టు మాటే ఎత్తవద్దంటున్నారు. ఇంత జాగ్రత్త నిజంగా అవసరమా?

సమాధానం (ఫిజియోథెరపిస్టు, జయనగర్):

అవసరమే. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు. గంటల్లోనే అంత వాపు రావడం సాధారణంగా కీలు లోపల రక్తస్రావానికి గుర్తు కనుక, ఆ రోజే అనుమానించవలసింది. అయితే నొప్పికి కండరాలు బిగుసుకుంటే చేత్తో చేసే పరీక్ష సరిగ్గా తేలదు. అందుచేత ఆ డాక్టరుగారి తప్పల్లా పది రోజుల తర్వాత మళ్లీ రమ్మనకపోవడమే అంటాను. తిన్నగా నడవడానికి ఏసీఎల్‌తో పెద్దగా పనిలేదు, గభాలున ఆగి తిరిగేటప్పుడే దాని అవసరం. మీది నటనలా కనిపించడానికి కారణం అదే.

ఇక గ్రాఫ్ట్, అంటే తెగిన ఏసీఎల్ స్థానంలో అమర్చినదాని సంగతి. తొడ వెనుక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో తీసి అమర్చిన టెండన్‌లోకి (కండరాన్ని ఎముకకు కలిపే నారలోకి) కొత్త రక్తనాళాలు పెరిగి, అది లిగమెంట్‌గా మారడానికి నెలలు పడుతుంది. ఆ మార్పు జరిగే తొలి నెలల్లో అది అమర్చిన నాటికంటే బలహీనంగా ఉంటుంది. చిక్కేమిటంటే నొప్పి, వాపు తగ్గి ధైర్యం వచ్చేదీ ఆ కాలంలోనే. 2016లో వెలువడిన డెలావేర్-ఓస్లో పరిశోధనలో, 9 నెలల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలు మళ్లీ గాయపడే రేటు సుమారు సగం తగ్గింది. నెలలు గడిస్తేనే చాలదు. తొడ ముందు కండరం బలం, ఒంటికాలి గెంతు దూరం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. రెండో కాలు కూడా ఈ విరామంలో చిక్కిపోయి ఉంటుంది కాబట్టి ఆ 90ని కూడా కొంచెం అనుమానంగానే చూడండి.

సమాధానం (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్):

నేను ఆరో నెలలోనే ఫుట్‌బాల్ ఆడాను. ఏ పరీక్షా చేయించుకోలేదు. నొప్పి లేకపోవడమే పరీక్ష అనుకున్నాను. నాలుగో ఆటలో, ఎవరూ తాకకుండానే, గ్రాఫ్ట్ తెగింది. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టంగా గడిచింది.

సమాధానం (రాజాజీనగర్):

అమ్మా, ఇలాంటి గాయాన్ని నటన అన్నవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. మా జట్టులో ఒక కుర్రాడు కుంటుకుంటూ వస్తే నలుగురిలో ఎగతాళి చేశాను. అతను కోలుకునే రోజుల్లో కూడా షటిల్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ పేరు చెప్పి తొందరపెట్టాను. 1994లో మోకాలి లిగమెంట్ తెగిన గోపీచంద్ 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు, 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నమెంటు గెలిచారు. నాలాంటివాళ్లు ఆ కథను 1994 నుంచి ఒక్క గెంతులో 2001కి తెచ్చేస్తారు. మీవాళ్లకు సంజాయిషీ ఇస్తూ కూర్చోకండి. ఫిజియో రాసిచ్చిన అంకె చూపించండి.

ప్రశ్న అడిగినవారి జవాబు:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం పరీక్ష చేయించుకున్నాను. కండరం బలం 78 శాతం, గెంతు 85. ఆ కాగితం ఫొటో మా కెప్టెన్‌కు పంపితే కాసేపటికి ‘సరే’ అని ఒక్క ముక్క వచ్చింది. వచ్చే టోర్నమెంటులో స్కోరు రాసే కుర్చీ అడిగి పెట్టుకున్నాను.