బాబు బూట్లు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. తీసేయమనడం తప్పా?

ఖమ్మం_నాన్న:
అందరికీ నమస్తే. మా బాబు తొమ్మిదేళ్ల వయసులో డెంగీతో పోయాడు. వచ్చే నెలకి రెండేళ్లు. వాడి బట్టలు, స్కూలు బ్యాగు మా ఆవిడ బీరువాలో సర్దింది, వాటి గురించి నేనేమీ అనను. బూట్లు మాత్రం గుమ్మం పక్క స్టాండులో అలాగే ఉన్నాయి. వాడు కాలు ఈడుస్తూ నడిచేవాడు, ఎడమ బూటు మడమ ఒకవైపే అరిగిపోయి ఉంటుంది. రోజూ ఆఫీసుకి వెళ్తూ చెప్పుల కోసం వంగితే ముందు అవే కనిపిస్తాయి. మా అమ్మేమో ఫోటోకి దండ వేసి హాల్లో పెట్టండి, సామాను ఎవరికైనా ఇచ్చేయండి, లేకపోతే వాడి ఆత్మ ఇక్కడిక్కడే తిరుగుతుంది అంటోంది. దండ మాటెత్తితే మా ఆవిడ ఆ పూట అన్నం తినదు. రెండేళ్లు నిండేలోపు బూట్లయినా తీసేయమనడం తప్పా?

గోదారిగట్టు_మాస్టారు:
తప్పేమీ లేదు బాబూ. 1998లో మా అమ్మాయిని పోగొట్టుకున్నవాణ్ణి, అందుకే చెప్తున్నా. పోయినవాళ్ల వస్తువులు కళ్లెదుట పెట్టుకుంటే ఇల్లు ఇల్లులా ఉండదు. మన పెద్దవాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. వరసగా పిల్లలు పోతుంటే తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అన్నారు, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించి పుల్లయ్య అన్నారు. బతికినవాణ్ణి చూసుకున్నారు. ఆ బూట్లు ఏ పేద పిల్లాడికో ఇచ్చేయండి.

నిద్రరాని_అమ్మ:
మాస్టారూ, పెంటయ్య అని పేరు పెట్టుకోవడం మర్చిపోవడం ఎలా అవుతుందండీ? పిలిచిన ప్రతిసారీ ముందు పోయినవాళ్లే గుర్తొస్తారు కదా. నాకు నాలుగు నెలల పాప పోయింది. పసిపిల్లని దహనం చెయ్యరని పూడ్చేశారు. ఆడవాళ్లు రాకూడదన్నారు, ఎక్కడ పూడ్చారో నాకు ఇప్పటికీ తెలీదు. నేను పుట్టింటి నుంచి వచ్చేసరికి ఉయ్యాల, గౌన్లు, చివరికి కాటుక డబ్బా కూడా లేవు. అంతా నా మంచికేనట. పుట్టినప్పుడు ఆస్పత్రిలో చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఒక్కటే మిగిలింది, అదీ నా పర్సులో ఉండబట్టి. బూట్ల జోలికి వెళ్లకండి.

వరంగల్_వేణు:
డబ్బాలో పెట్టి అటక ఎక్కించు అన్నా, అయిపోతది.

నిద్రరాని_అమ్మ:
ఏం అయిపోతది తమ్ముడూ?

సైకాలజీ_కుర్రాడు:
దుఃఖంలో ఐదు దశలుంటాయండీ, చివరిది అంగీకారం. మేడమ్ ఇంకా మొదటి దశలోనే ఉన్నట్టున్నారు.

డల్లాస్_శ్రీ:
ఆ ఐదు దశలు కుబ్లర్-రాస్ అనే డాక్టరు 1969లో చెప్పినవి, అదీ చావు దగ్గరపడ్డ రోగుల్ని చూసి. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఎక్కాల్సిన మెట్లు కావవి. అయినా మనిషిని చూడకుండా దశ ఎలా చెప్పేస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆర్నెల్లు దాటినా దుఃఖం తగ్గక రోజువారీ బతుకు కుంటుపడితే అది చికిత్స అవసరమైన సమస్య. బూట్లు ఉన్నాయా లేదా అన్నది కాదు లెక్క. ఖమ్మం గారూ, ఆవిడ నిద్రపోతున్నారా, తింటున్నారా? టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.

గోదారిగట్టు_మాస్టారు:
మాకు ఫోన్లు లేవు, కౌన్సెలింగులు లేవు. బిడ్డ శవాన్ని ఎత్తుకొచ్చిన కిసాగోతమితో బుద్ధుడు ఏమన్నాడు? చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. అలాంటి ఇల్లు ఉందా? చావు అందరికీ ఉన్నదే. గుమ్మం దగ్గర బూట్లు మాత్రం పనికిరావు.

నిద్రరాని_అమ్మ:
ఆవిడ బిడ్డని ఎత్తుకునే ఊరంతా తిరిగింది మాస్టారూ. ఎవరూ చేతుల్లోంచి లాక్కోలేదు, చివరికి తనే దించింది. ఆ ముక్క వదిలేసి ఆవాలు మాత్రం పట్టుకున్నారు.

గోదారిగట్టు_మాస్టారు:
నాలుగు నెలల పాప సంగతి వేరమ్మా. పదకొండేళ్లు పెంచి, జడలు వేసి, బడికి పంపిన పిల్ల పోతే ఏమిటో మీకు తెలీదు.

వరంగల్_వేణు:
ఏంది సార్ ఆ మాట.

డల్లాస్_శ్రీ:
మాస్టారూ, అది చాలా తప్పు మాట.

నిద్రరాని_అమ్మ:
కానివ్వండి, కొలవండి. నాలుగు నెలలకి నాలుగు నెలల ఏడుపే ఇవ్వండి, పదమూడేళ్ల నుంచి ఎక్కువ ఏడ్చినదంతా తిరిగి కట్టేస్తాను. ముందు ఒకటి చెప్పండి. మీ అమ్మాయి వస్తువులు మీరు తీసేశారా?

(మర్నాడు)

గోదారిగట్టు_మాస్టారు:
తియ్యలేదు. మా ఆవిడ తియ్యనివ్వలేదు. ఇరవై ఏళ్లు ఆ గదికి తాళమే. మా అబ్బాయి హాల్లో చాప మీద చదువుకున్నాడు, అక్కడే పడుకున్నాడు. ఇంటర్‌లో ఉండగా ఒక రాత్రి, నేను పోతే నాకూ గది ఇచ్చేవారా నాన్నా అని అడిగాడు. ఇప్పుడు వాడు ఏడాదికోసారి వస్తాడు, మా ఇంట్లో కాదు, హోటల్లో దిగుతాడు. ఇది రాయకూడదనుకున్నా. నిన్న నెలల లెక్క అన్నాను చూడమ్మా, తప్పే. బూట్ల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

ఖమ్మం_నాన్న:
నా వల్ల ఇంత గొడవ అవుతుందనుకోలేదు, క్షమించండి. నేనూ ఒక మాట సరిగా రాయలేదు. మా అమ్మ అడిగింది దండ గురించే. సామాను ఇచ్చేయమన్నది, బూట్లు తీసేయమన్నది నేనే.

నాలుగో రోజు పొద్దున వాడికి జ్వరం దిగింది. కడుపు నొప్పి అంటున్నాడు, చేతులు చల్లగా ఉన్నాయి, ఆస్పత్రికి పోదాం పదండి అంది తను. జ్వరం తగ్గింది కదా, సాయంత్రం చూద్దాంలే అన్నాను. డెంగీలో జ్వరం దిగాకే అసలు ప్రమాదం మొదలవుతుందని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. అప్పటికే వాడు బూట్లు వేసుకుని స్టాండు దగ్గర కూర్చున్నాడు, బయల్దేరుతున్నామనుకుని. తనే విప్పి అక్కడ పెట్టింది. నేను రోజూ చూడాలనే అక్కడ ఉంచిందేమో అనిపిస్తుంది. ఈ రెండేళ్లలో ఒక్క మాట అనలేదు, నన్ను.

నిద్రరాని_అమ్మ:
అందుకే ఉంచానని ఆవిడ చెప్పారా? మీరు అడిగారా?

ఖమ్మం_నాన్న:
లేదు.

వరంగల్_వేణు:
అడుగన్నా.

ఖమ్మం_నాన్న:
ఇందాక ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ చూశాను. స్టాండు మొత్తం దుమ్ము, నా షూ మీద కూడా. బూట్ల మీద లేదు. తను వాటిని ఎప్పుడు తుడుస్తుందో నేను ఒక్కసారీ చూడలేదు. లోపల అన్నం వడ్డిస్తోంది, పిలుస్తోంది. మళ్లీ వస్తాను.