జర్మనీలో ఒట్టి తునకలు పెట్టుకోవాలంటే ఏ ఉప్పు కొనాలి?

స్టుట్‌గార్ట్ నుంచి ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వరంగల్ దగ్గర పల్లె. ఇక్కడికొచ్చి రెండేండ్లయింది. మా అమ్మ ప్రతి ఎండాకాలం ఒట్టి తునకలు పెట్టేది. పంపించమని అడుగుదామంటే, మాంసం ఏదైనా సరే ఎయిర్‌పోర్టుల తీసి పారేస్తరని మా దోస్తు చెప్పిండు. అందుకే ఇక్కడనే చేసుకుందామనుకుంటున్న.

ఒక అమెరికా వీడియోల పింక్ సాల్ట్ వెయ్యకుంటే బోటులిజం అనే విషపు జబ్బు వస్తదని చెప్పిన్రు. ఇండియన్ షాపుల గులాబి రంగు ఉప్పు దొరికింది, సైంధవ లవణం అంట. అదేనా? ఇక్కడి మెట్స్‌గర్‌ను, అంటే మాంసం కొట్టాయనను, అడిగితే తెల్లటి ఉప్పు ప్యాకెట్ చూపించిండు. ఏమీ అర్థం గాలె. సూరేకారం వేస్తే రంగు నిలుస్తదని ఇంకొకాయన అన్నడు, ఊరి నుంచి తెప్పించుకోవచ్చా? ఇంకోటి, మా ఆవిడకు తుర్కీ షాపుల దొరికే పాస్తిర్మా, అంటే మసాలా పూసి ఆరబెట్టిన మాంసం, బాగ ఇష్టం. అట్లాంటిది ఇంట్ల చేసుకోవచ్చా? తెలిసినోళ్లు జర చెప్పండి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జవాబు

తమ్ముడూ, ఏదీ కొనకముందే అడిగావు, మంచి పని చేశావు. నువ్వు చెప్పిన మూడు ఉప్పులూ మూడు వేరే వస్తువులు. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సైంధవ లవణం గనిలో తవ్వి తీసే ఉప్పు. అందులోని ఇనుము వల్ల ఆ రంగు వస్తుంది. కూరలో వేసుకో, మజ్జిగలో వేసుకో, మాంసాన్ని నిలవ పెట్టడంలో మాత్రం మామూలు ఉప్పు చేసే పనే చేస్తుంది. అమెరికా వాళ్లు పింక్ సాల్ట్ అనేది, బోటులిజం సూక్ష్మజీవిని పెరగనివ్వని సోడియం నైట్రైట్ కలిపిన ఉప్పు. వంటింటి ఉప్పు అనుకుని ఎవరూ వాడకూడదని దానికి కావాలనే గులాబి రంగు కలుపుతారు. ప్రాగ్ పౌడర్ నంబర్ 1 అని కూడా అంటారు. అందులో నైట్రైట్ 6.25 శాతం, మిగతాది ఉప్పు.

మీ మెట్స్‌గర్ చూపించింది నిట్రిట్‌పోకెల్‌జాల్ట్స్. ఇది కూడా నైట్రైట్ కలిపిన ఉప్పే, కానీ ఇందులో నైట్రైట్ మామూలుగా 0.4 నుంచి 0.5 శాతమే. రంగు కలపరు, చూడటానికి అచ్చం ఇంట్లో వాడే ఉప్పులాగే ఉంటుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

అమెరికా పద్ధతిలో కిలో మాంసానికి 2.5 గ్రాముల ప్రాగ్ పౌడర్ వేసి, మామూలు ఉప్పు వేరుగా కలుపుతారు. అంటే కిలోకు దాదాపు 156 మిల్లీగ్రాముల నైట్రైట్. జర్మన్ పద్ధతిలో మామూలు ఉప్పు అసలు వెయ్యరు, మొత్తం ఉప్పు స్థానంలో ఈ పోకెల్‌జాల్ట్సే కిలోకు 25 గ్రాములు వేస్తారు. అది 100 నుంచి 125 మిల్లీగ్రాములు అవుతుంది. రెండూ సరైన లెక్కలే. కానీ జర్మన్ వంటకం చూస్తూ అమెరికా పొడి 25 గ్రాములు వేశావనుకో, నైట్రైట్ పదింతలు పడుతుంది. నైట్రైట్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు. పెదాలు, గోళ్లు నీలంగా మారి మనిషి కూలిపోతాడు, పసిపిల్లలకైతే ఇంకా ప్రమాదం. అటూ ఇటూ మారి అమెరికా వంటకం చూసి జర్మన్ ఉప్పు 2.5 గ్రాములే వేస్తే, వేశామన్న ధీమా తప్ప రక్షణ ఏమీ ఉండదు.

కాబట్టి వంటకం చదివే ముందు ప్యాకెట్ వెనక శాతం చదువు. శాతం రాసిలేని ప్యాకెట్ ఎంత చవకైనా కొనొద్దు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన దాని మీద క్యూరింగ్ సాల్ట్ అని తప్ప ఇంకేమీ లేదు. అమ్మినవాళ్లను రెండుసార్లు అడిగినా జవాబు రాలేదు. ఆ కిలో ప్యాకెట్ విప్పకుండానే పారేశాను.

అదే సభ్యురాలు, కొనసాగింపు

ఇక ఒట్టి తునకల సంగతి. దీనికి నైట్రైట్ అక్కర్లేదు. ఎందుకో చెబుతాను.

బోటులిజం అనే పేరే లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచి వచ్చింది. నువ్వున్న వుర్టెంబెర్గ్ ప్రాంతంలోనే యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు 1820ల్లో, చెడిపోయిన సాసేజ్ తిని చనిపోయినవాళ్ల కేసులు పోగుచేసి ఆ జబ్బు లక్షణాలను మొదటిసారి వివరంగా రాశాడు. ఆ విషాన్ని పుట్టించే సూక్ష్మజీవికి గాలి పడదు. పేగులో కూరిన మాంసం, పెద్ద ముద్ద లోపలి భాగం, తడితో ఉండి గాలి తగలని చోటు, అక్కడ పెరుగుతుంది. మన అమ్మలు మాంసాన్ని వేలెడు వెడల్పున పలచటి పట్టీలుగా కోసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, దబ్బనంతో పురికొసకు గుచ్చి దండెం మీద వేసేవాళ్లు. చుట్టూ గాలి, పైన మే నెల ఎండ. రెండు రోజులకే చెక్కలా అయిపోయేది. పాత పల్చటి చీర కప్పి, కాకుల కోసం నన్ను కర్రతో కూర్చోబెట్టేది మా అమ్మ. నైట్రైట్ చేసే పని అక్కడ ఎండ చేసేది.

ఇక్కడ ఆ ఎండ లేదు. నేను వచ్చిన మొదటి ఏడాది అక్టోబరులో బాల్కనీలో రెండు కిలోలు ఆరేశాను. మూడో రోజుకు పట్టీలు జిగటగా వేలికి అంటుకున్నాయి, పుల్లటి వాసన మొదలైంది. కారం వాసన కాబోలు అని మా ఆయన అన్నారు. నాకు మనసొప్పలేదు, మొత్తం పారేశాను. అప్పటి నుంచి ఓవెన్‌లోనే చేస్తున్నాను.

మాంసం కోసం తుర్కీ కసాయి దగ్గరకు వెళ్లు. గొర్రె తొడ, జర్మన్‌లో లామ్‌కోయ్‌లే అను, ఎముక తీసి ఇమ్మను. కొవ్వు ఎంత తీయగలిగితే అంత తీసెయ్యాలి, కొవ్వు ఎండదు, నెల తిరిగేసరికి కమురు వాసన వస్తుంది. పెద్దకూర తినేవాళ్లయితే ఓబర్‌షాలే అడగండి, అసలు కొవ్వుండదు, పోగులు పొడుగ్గా వస్తాయి. మేకమాంసం పాకిస్తానీ, ఆఫ్రికన్ షాపుల్లో గడ్డకట్టించింది దొరుకుతుంది కానీ ఎముకతో ముక్కలు కొట్టేసి ఉంటుంది, దీనికి పనికిరాదు. మాంసాన్ని గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి కోస్తే పట్టీలు సమానంగా తెగుతాయి. మందం అర సెంటీమీటరు దాటకూడదు.

కిలోకు 30 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు, మూడు చెంచాల కారం, అల్లం వెల్లుల్లి నూరిన ముద్ద 40 గ్రాములు. ఉప్పు మాత్రం తూకం వెయ్యి, చెంచా లెక్క వద్దు. కల్లుప్పుకీ మెత్తటి ఉప్పుకీ చెంచా బరువు చాలా తేడా. కారం ఇండియన్ షాపుల్లో దొరికే గుంటూరు కారమే తీసుకో. తుర్కీ షాపుల్లో పుల్ బిబెర్ అని ఎర్రగా నిగనిగలాడుతుంటుంది, దాంట్లో మామూలుగా నూనె, ఉప్పు కలిపి ఉంటాయి, మన లెక్క తప్పుతుంది. సీసాలో అమ్మే అల్లం వెల్లుల్లి పేస్టులో కూడా అంతే. ఆ కాస్త ఇంట్లో నూరుకో.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరనిచ్చి, పొద్దున్నే ఓవెన్ జాలీకి పట్టీలు వేలాడదీయి, కింద ట్రే పెట్టు. ఫ్యాన్ ఆన్ చేసి 65 నుంచి 70 డిగ్రీలు. తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెడితే ఆవిరి బయటికి పోతుంది. ఆరేడు గంటలు పట్టొచ్చు. ఒక పట్టీ తీసి చల్లారనిచ్చి వంచు. మెత్తగా మడతపడితే ఇంకా కాలేదు. వంచినచోట పోగులు తెల్లగా పగుళ్లిచ్చి, ఇంకాస్త వంచితే టక్కున విరగాలి. అప్పుడు అన్నీ ట్రేలో పరిచి 135 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు పెట్టు. ఈ.కోలై లాంటి సూక్ష్మజీవులు ఉంటే చచ్చేది ఈ పది నిమిషాల్లోనే, ఇది మానొద్దు. కిలో మాంసం మూడో వంతుకు వస్తుంది.

నిలవ ఫ్రీజర్‌లోనే. వాక్యూమ్ సంచిలో వేసి అలమరలో పెట్టొద్దు, లోపల ఏ ముక్కలో తడి మిగిలినా గాలిలేని చోటు మనమే తయారుచేసి ఇచ్చినట్టవుతుంది.

హ్యూస్టన్ నుంచి

అక్క చెప్పింది అక్షరాలా నిజం. అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు కలుపుతాను. ఇక్కడ ప్రాగ్ పౌడర్ వేట సామాను అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతుంది. నంబర్ 1, నంబర్ 2 అని రెండుంటాయి. రెండోదాంట్లో నైట్రైట్‌తో పాటు, మాంసంలో మెల్లగా నైట్రైట్‌గా మారే నైట్రేట్ కూడా ఉంటుంది, నెలల తరబడి వండకుండా ఆరబెట్టే పెద్ద ముక్కలకు అది. వండుకు తినేవాటికి నంబర్ 1 చాలు. కిరాణా షాపుల్లో మోర్టన్ టెండర్ క్విక్ అని ఇంకోటి దొరుకుతుంది. దాంట్లో ఉప్పు, చక్కెర, నైట్రైట్ 0.5 శాతం, నైట్రేట్ 0.5 శాతం. అది మళ్లీ వేరే లెక్క, ప్యాకెట్ మీద ఉన్న కొలతే పాటించాలి.

డీహైడ్రేటర్, అంటే ఆరబెట్టే యంత్రం, ఉన్నవాళ్లకు ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పేది ఇంకో దారి. ముందే మాంసాన్ని ఆవిరి మీదో, ఓవెన్‌లోనో లోపల 71 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా వేడిచేసి తర్వాత ఆరబెట్టమంటారు, కోడి అయితే 74. మేం రెండు విధాలా చేశాం. ఆరాక వేడిచేసిందే మన ఒట్టి తునకల రుచికి దగ్గరగా ఉంది.

లండన్ నుంచి

నాదొక సందేహం. నైట్రైట్ క్యాన్సర్ తెస్తుందంటారు కదా, సెలరీ పొడి వేస్తే సహజంగా ఉంటుందని ఒక షాపులో చెప్పారు. అది వాడొచ్చా?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి

సెలరీ పొడి పని చేసేదీ అందులోని నైట్రేట్ వల్లేనండి. ఫ్యాక్టరీ వాళ్లు కొలిచి వేస్తారు, మన చేతిలోని డబ్బాలో ఎంతుందో మనం కొలవలేం. దానికన్నా శాతం రాసున్న ప్యాకెట్టే నయం. క్యాన్సర్ భయం మాత్రం ఉత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. అందుకే మా ఇంట్లో ఇలాంటి మాంసం పండగకూ, చుట్టాలు వచ్చినప్పుడూ తప్ప ఉండదు. పసిపిల్లలకు అసలు పెట్టం.

తమ్ముడూ, నీ మిగతా రెండు ప్రశ్నలు. సూరేకారం ఊరి నుంచి తెప్పించొద్దు. అది పొటాషియం నైట్రేట్, మంటను ఎగదోసే పదార్థం, విమానం సామానులో పెట్టడం నిషేధం. యూరప్‌లో పేలుడు పదార్థాల తయారీకి వాడే రసాయనాల జాబితాలో ఉంది కాబట్టి, ఎవరైనా అనుమానంగా కొంటే షాపువాళ్లు అధికారులకు చెప్పాలి. నీకు దాని అవసరమే లేదు. ఎండుమాంసం విషయంలో మీ దోస్తు చెప్పిందీ నిజమే. ఇండియా నుంచి మాంసం పదార్థాలేవీ మనతో తెచ్చుకోకూడదు, అమ్మ చేసినవైనా సరే.

పాస్తిర్మా అంటే పెద్ద ముక్క, కాబట్టి అక్కడ నైట్రైట్ కావాలి. అసలు పాస్తిర్మా వండరు, వారాల తరబడి ఆరబెడతారు. మొదటిసారే దాని జోలికి వెళ్లొద్దు. ఉప్పులో ఊరబెట్టి, ఓవెన్‌లో కాల్చే ముక్కతో మొదలుపెట్టు. పైన పూసే చెమెన్‌లో ఉండేది ఏమిటనుకున్నావు, మెంతిపిండి, వెల్లుల్లి, ఎర్ర మిరపపొడి! మెంతులు మన ఇంట్లో ఉన్నవే. ముద్దలా కలిపి దట్టంగా పూసి కాలిస్తే మీ ఆవిడకు ఆ వాసన తప్పకుండా నచ్చుతుంది.

స్టుట్‌గార్ట్ నుంచి

అక్కా, మీకు వెయ్యి దండాలు. ఈరోజు మెట్స్‌గర్ దగ్గర ఆ తెల్ల ప్యాకెట్ తీసుకున్న. వెనక 0,4–0,5 % అని కామా పెట్టి ఉన్నది. నాలుగా, పాయింట్ నాలుగా? ఓబర్‌షాలే ముక్క 1,400 గ్రాములు, మందం 5 సెంటీమీటర్లు ఉన్నది.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి

పాయింట్ నాలుగే. జర్మన్లు దశాంశానికి కామా పెడతారు, మనం చుక్క పెట్టినట్టు. నీ ముక్కకు 1.4 ఇంటూ 25, అంటే 35 గ్రాములు. గ్రాము తేడా చూపించే చిన్న త్రాసు వాడు. వేరే ఉప్పు చిటికెడు కూడా వెయ్యకు. మిరియాలు, వెల్లుల్లి నీ ఇష్టం.

అన్ని వైపులా రుద్ది జిప్ సంచిలో వేసి గాలి నొక్కేసి మూసెయ్యి. సంచి మీద తేదీ రాసి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, 2 నుంచి 4 డిగ్రీల్లో, పది రోజులు ఉంచు. రోజూ ఒకసారి తిరగెయ్యి. ఊరిన నీళ్లు పారబొయ్యకు, ఉప్పు వాటిలోంచే మాంసంలోకి వెళ్తుంది. పదో రోజు తీసి కడిగి, తుడిచి, చెమెన్ పూసి 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టు. మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 70 చూపించాలి. కోసినప్పుడు మధ్య వరకూ గులాబి రంగు ఒకేలా ఉండాలి. నడుమ బూడిదరంగు మచ్చ కనిపిస్తే అక్కడిదాకా ఉప్పు దిగలేదని. అలా వస్తే ఫోటో పెట్టు, రోజులు ఎన్ని పెంచాలో చూద్దాం.

మిగిలిన ప్యాకెట్ మీద ఈ రోజే పెద్ద అక్షరాలతో తెలుగులో "కూరల్లో వెయ్యొద్దు" అని రాసి, ఉప్పు డబ్బాకు దూరంగా పై అరలో పెట్టు. మీ ఆవిడకు కూడా చూపించు.