అప్‌డేట్: రెండు ఇక్సీలు విఫలమయ్యాక పిక్సీకి వెళ్లాలా?

రెండుసార్లు ఇక్సీ (ల్యాబ్‌లో ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం) విఫలమైంది, మూడోసారి అదనంగా డబ్బు కట్టి పిక్సీ (ఎక్కించే కణాన్ని ప్రత్యేకంగా ఏరే ఇక్సీ) చేయించాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ‘ముందు మీవారిని ఆండ్రాలజిస్టుకు (మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టరుకు) చూపించండి’ అన్న సలహాయే పనిచేసింది. ఆయన మావారిని నిలబెట్టి, దగ్గమని, చేత్తో చూసి రెండు నిమిషాల్లో ఎడమవైపు వేరికోసీల్ (వృషణం దగ్గర సిరలు ఉబ్బడం) ఉందన్నారు. పరీక్ష చేయిస్తే వీర్యకణాల డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ (డీఎన్‌ఏ తెగిపోయి ఉండటం) 41 శాతం! ఇన్నాళ్లూ కౌంటు బాగుందని మురిసిపోయాం. వేరికోసీల్‌కు శస్త్రచికిత్స జరిగిన నాలుగో నెలకు ఆ ఫ్రాగ్మెంటేషన్ 19 శాతానికి దిగింది. తర్వాత మామూలు ఇక్సీయే; ఇప్పుడు నాకు గర్భం ఇరవయ్యో వారం.

పిక్సీ అంటే హయలురోనన్‌కు (అండం చుట్టూ సహజంగా ఉండే పదార్థానికి) అతుక్కున్న వీర్యకణాన్ని ఏరుకోవడం. 2019లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, 2,772 జంటల మీద చూస్తే, ప్రసవాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. గర్భస్రావాలు మాత్రం తగ్గాయి. మాకు ఆ రెండుసార్లూ అసలు గర్భమే రాలేదు కనుక డాక్టరు పిక్సీ వద్దన్నారు.