కాకినాడలో షిప్పు ఒడ్డుకి రాకుండా బియ్యం ఎలా ఎక్కిస్తారు?

ప్రశ్న: బీచ్‌లో నుంచుంటే షిప్పులు ఎక్కడో దూరంగా ఆగుంటాయి కదా, వాటిలోకి బస్తాలు ఎలా వెళ్తాయి అసలు? వైజాగ్‌లో బెర్త్ (షిప్పు ఆనుకుని ఆగే గట్టు) దాకా వచ్చేస్తాయి. వానొస్తే పరిస్థితేంటి?

రిప్లై 1: యాంకరేజ్ పోర్టు దగ్గర లోతు చాలదండి, అందుకే పెద్ద షిప్పులు బయటే లంగరేస్తాయి, హోప్ ఐలాండ్ అడ్డం ఉండబట్టి అలల దెబ్బ కాస్త తక్కువ. లారీల్లో వచ్చిన బస్తాలు ముందు బార్జిలోకి (సరుకు మోసే చదునైన పడవ) ఎక్కించి, బార్జిని షిప్పు పక్కకి తీసుకెళ్లి కడతారు, అక్కడ షిప్పు క్రేన్‌తోనే స్లింగు స్లింగు (తాళ్లతో కట్టిన బస్తాల మోపు) లేపి హోల్డ్‌లోకి, అంటే షిప్పు అడుగున సరుకు పెట్టే గదిలోకి దింపుతారు. అడుగున జట్టువాళ్లు ఒక్కో బస్తా మూలల దాకా మోసి పేర్చాలి, అసలు కష్టం అదే, లోపల ఉక్క మామూలుగా ఉండదు. డీప్ వాటర్ పోర్టు వేరే, అక్కడ బెర్త్‌కే వస్తాయి.

రిప్లై 2: మబ్బు పడితే చాలు హాచ్ (హోల్డ్ పైన మూత) మూసేస్తారు బ్రో. పని ఆగినా షిప్పు ఖర్చు ఆగదుగా, అందుకే ఎన్నింటికి ఆగింది ఎన్నింటికి మొదలైంది అంతా రాసిపెడతారు, తర్వాత డెమరేజ్ (షిప్పు ఆలస్యానికి కట్టాల్సిన డబ్బు) గొడవలన్నీ ఆ కాగితం మీదే. ఇంకోటి, హోల్డ్ గోడల ఇనుముకి చెమ్మ పడుతుంది, బస్తా తగిలిందా బూజే, అందుకని ముందే కాగితాలు, వెదురు చాపలు వేస్తారు.

రిప్లై 3: వాన సంగతి సరే, 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు చూడండి, మళ్లీ 2024 సెప్టెంబర్ దాకా తియ్యలేదు. మా మావయ్య జట్టు మనిషే, ఆయన్నడిగితే చెప్తాడు ఆ టైమ్ ఎలా గడిచిందో.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. బార్జిలు దగ్గర్నుంచి చూడాలంటే లోపలికి రానిస్తారా?