డిస్నీలో డబ్బు కట్టి లైను దాటడం న్యాయమేనా? మేం కొనాలా, వద్దా?

తెనాలి_కొలంబస్:
అందరికీ నమస్తే. జూన్‌లో అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం. మొత్తం ఆరుగురం. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఐదు. పార్కు టికెట్లు కొనేశాం. ఇప్పుడు ఇంట్లో వాదనంతా లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ మీదే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: పార్కు టికెట్ కాక ఇంకొంత కడితే, స్టాండ్‌బై అనే మామూలు లైన్లో నిలబడకుండా పక్క దారిలో త్వరగా రైడ్ ఎక్కిస్తారు. అక్కడి పార్కుల్లో ఒకటైన మేజిక్ కింగ్‌డమ్‌లో మనిషికి రోజుకి ముప్పై డాలర్ల పైమాటే చూపిస్తోంది. రేటు రోజుని బట్టి మారుతోంది.

మా వారు "ఇంత ఖర్చు పెట్టి అంత దూరం వెళ్లి ఎండలో గంటన్నర నిలబడతామా, కొనేద్దాం" అంటున్నారు. నాకు డబ్బొక్కటే కాదు సమస్య. మేం పక్క దారిలో వెళ్లిపోతుంటే ఆ లైన్లో నిలబడ్డవాళ్ల మొహాలు చూడాలంటే మనసొప్పడం లేదు. నాన్నకి వివరిస్తే "టికెట్ అందరూ కొన్నాక మళ్లీ ఈ టికెట్ ఏంటమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

కిస్సిమ్మీ_పిన్ని:
న్యాయం సంగతి మిగతావాళ్లు మాట్లాడతారు, నేను లెక్క చెప్తానమ్మా. ఆరుగురికీ కొనకండి. పాస్ మనిషికి విడివిడిగా ఇస్తారు. స్పేస్ మౌంటెన్ అనే రైడ్‌కి 44 అంగుళాల ఎత్తుండాలి, ట్రాన్ అనేదానికి 48. మీ పాప ఎలాగూ ట్రాన్ ఎక్కలేదు. మీ అమ్మగారూ నాన్నగారూ ఇలాంటివి ఎక్కుతామంటారా? అడిగి చూడండి. ఎక్కేవాళ్లకి మాత్రమే కొంటే సగం ఖర్చు తగ్గుతుంది.

మల్టీ పాస్‌తో మూడు రైడ్లు ముందే బుక్ చేసుకోవచ్చు, ఒక్కోదానికి గంట వ్యవధి ఇస్తారు. మొదటిది వాడేశాక ఇంకోటి బుక్ చేసుకోవచ్చు, అలా రోజంతా. డిస్నీ హోటల్లో దిగితే ఏడు రోజుల ముందు, బయట దిగితే మూడు రోజుల ముందు, పొద్దున ఏడింటికి యాప్‌లో బుకింగ్ మొదలవుతుంది. బాగా గిరాకీ ఉన్నవి మల్టీ పాస్‌లో రావు, వాటికి సింగిల్ పాస్ అని విడిగా కట్టాలి. ఎనిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ అలాంటిదే. ఆ పార్కుకైతే నేను మల్టీ పాస్ కొనమని ఎవరికీ చెప్పను. పొద్దున్నే వెళ్తే సఫారీ కూడా హాయిగా అయిపోతుంది.

ఓరుగల్లు_ఇంజినీర్:
ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్ లైన్లు ప్లాన్ చేయడం నా ఉద్యోగం. అందుకే ఈ విషయంలో గట్టిగా చెప్తున్నా: ఆ పక్క లేన్ ఒక్క కొత్త సీటు కూడా పుట్టించదు. రైడ్ గంటకి వెయ్యి మందిని తిప్పగలదు అనుకుందాం. అందులో ఏడొందల సీట్లు పాస్ ఉన్నవాళ్లకి పోతే స్టాండ్‌బైకి మిగిలేవి మూడొందలు. ఆరొందల మంది నిలబడి ఉంటే చివరివాడికి రెండు గంటలు. పాస్ ఉన్నవాడికి పది నిమిషాలు. పాస్ లేన్‌లో పది నిమిషాల వరసంటే దాదాపు 117 మంది. వాళ్లనీ కలిపి ఒకే వరసలో పెడితే 717 మంది, చివరివాడికి సుమారు 43 నిమిషాలు. అంటే కొన్నవాడికి ఆదా అయిన ప్రతి నిమిషం ఇంకొకరి దగ్గర తీసుకున్నదే.

ఇంకోటి ఎవరూ ఆలోచించరు. పాస్ బుక్ చేసుకున్నవాడు ఆ టైమ్ వచ్చేదాకా ఊరికే కూర్చోడు కదా. వెళ్లి ఇంకో రైడ్ స్టాండ్‌బైలో నిలబడతాడు. అంటే ఒకే మనిషి ఒకేసారి రెండు క్యూల్లో ఉన్నట్టు లెక్క. దాంతో ఆ రెండో లైన్ కూడా పెరుగుతుంది.

రెండు లైన్లూ కలిసే చోటు ఎప్పుడైనా గమనించండి. అక్కడ ఒక ఉద్యోగి టాబ్లెట్ పట్టుకుని నిలబడి ఉంటాడు. స్టాండ్‌బై వైపు అరచెయ్యి చూపించి ఆపి, పాస్ లేన్ నుంచి గుంపు వెనక గుంపుని వదులుతాడు. తర్వాత స్టాండ్‌బై నుంచి ఒకటో రెండో కుటుంబాలు. మళ్లీ అరచెయ్యి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదీ కాదు. మామూలు లైను ఎంత పొడుగ్గా ఉంటే పాస్ అంత బాగా అమ్ముడుపోతుంది. లైను తగ్గించాల్సిన కంపెనీకే లైను పొడుగ్గా ఉంటే లాభం! ఇక దాన్ని తగ్గించాలని ఎవరికి ఉంటుంది?

సియాటెల్_సుబ్బు:
ఇంజినీర్ గారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ ఇది మనకి కొత్తా? తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజున ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. శ్రీవాణి ట్రస్టుకి పదివేలు ఇచ్చి బ్రేక్ దర్శనానికి వెళ్లినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. రైల్లో తత్కాల్ కొంటాం. అప్పుడెవరూ వెనకవాళ్ల గురించి అడగరు.

మా పరిస్థితి కూడా చూడండి. హెచ్‌1బి మీద ఉన్నవాడికి ఏడాదికి దొరికే సెలవు ఎంత? అందులో సగం ఇండియాకి పోతుంది. మిగిలిన నాలుగు రోజుల్లో, అమ్మానాన్నలు ఇక్కడున్న ఆ కొన్ని నెలల్లో, పిల్లలకి ఒక మంచి రోజు ఇవ్వాలి. నేను ఓవర్‌టైమ్ చేసి సంపాదించిన డబ్బుతో నా కుటుంబానికి టైమ్ కొంటున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తెనాలి గారూ, ధైర్యంగా కొనండి.

చిత్తూరు_జానకి:
సుబ్బు గారూ, తిరుమల పోలిక సరిపోదండి. అక్కడ దర్శనానికి టికెట్ కొనడం తప్పనిసరి కాదు. సర్వదర్శనం పూర్తిగా ఉచితం. కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి అన్నప్రసాదం, పాలు ఇస్తారు. పెద్దవాళ్లకి విడిగా ఉచిత కోటా ఉంది. అక్కడి బ్రేక్ దర్శనాల మీద నాకూ అభ్యంతరాలున్నాయి, దాన్ని సమర్థించను. కానీ డిస్నీలో రద్దీ రోజున ఒక్కరోజు టికెట్టే 200 డాలర్లు దాటింది. అంత కట్టి లోపలికి వచ్చినవాణ్ని మళ్లీ రెండు తరగతులు చేస్తున్నారు. అక్కడో తప్పు ఉందని ఇక్కడ తప్పు ఒప్పైపోతుందా?

ఫ్రీమాంట్_పెద్దాయన:
నేను ఈ దేశం వచ్చి చాలా ఏళ్లైంది. పిల్లలతో మొదలుపెట్టి ఇప్పుడు మనవలతో వెళ్తున్నాను, కాబట్టి కొంచెం పాత సంగతి. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు లోపలికి ఒక టికెట్, రైడ్లకి విడిగా టికెట్లు ఉండేవి. తర్వాత టికెట్ పుస్తకాలు వచ్చాయి, అందులో అన్నిటికన్నా గొప్ప రైడ్లకి ఈ-టికెట్. 1982లో అవి పోయి, ఒక్క టికెట్‌తో అన్నీ ఎక్కే పద్ధతి వచ్చింది. కాబట్టి రైడ్‌కి డబ్బు తీసుకోవడం కొత్త కాదు. కానీ ఆ రోజుల్లో ఈ-టికెట్ ఉన్నవాళ్లందరూ ఒకే లైన్లో నిలబడేవాళ్లు.

1999లో ఫాస్ట్‌పాస్ వచ్చింది. రైడ్ దగ్గర మెషీన్లో పార్కు టికెట్ పెడితే ఏ టైమ్‌కి తిరిగి రావాలో ముద్రించిన చిన్న కాగితం వచ్చేది. పైసా కట్టక్కర్లేదు. కుటుంబంలో ఎవరో ఒకరు అందరి టికెట్లూ పట్టుకుని పార్కు ఆ చివర్నించి ఈ చివరికి పరుగెత్తేవాళ్లు, మా ఇంట్లో ఆ పని మా పెద్దవాడిది. ఓపిక ఉన్నవాడికి దక్కేది. ఆ ఉచిత పద్ధతి 2020లో పార్కులు మూసినప్పుడు ఆగిపోయింది, మళ్లీ రాలేదు. 2021 అక్టోబర్‌లో ఓర్లాండోలో జీనీ ప్లస్ అని డబ్బుకి మొదలైంది, 2024 జూలైలో పేరు మార్చి మల్టీ పాస్ చేశారు. అదే ఏడాది చివర్లో ప్రీమియర్ పాస్ కూడా తెచ్చారు. టైమ్ బుక్ చేసుకోకుండా ప్రతి లేన్‌లోకీ ఒకసారి ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఓర్లాండోలో 129 నుంచి 449 డాలర్ల దాకా పెట్టి మొదలుపెట్టారు. ముందు ఉచితంగా ఇచ్చి అలవాటు చేసి, తర్వాత ధర పెట్టి, ఆపైన ఇంకో మెట్టు కట్టారు. నాకు నచ్చనిది ఆ క్రమం.

బడి_పంతులమ్మ:
నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. అమెరికా సంగతి నాకు తెలియదు, కానీ ఇక్కడా ఈ పద్ధతి వచ్చేసింది. మా పిల్లల్ని ఒకసారి విహారయాత్రకి ఒక పార్కుకి తీసుకెళ్లాం. పేరు చెప్పను. ఎనిమిదో తరగతి పిల్లలు, చాలామంది మొదటిసారి అలాంటి చోటికి వచ్చినవాళ్లు. ఎండలో వరసగా నిలబడ్డారు, ఎవరూ అల్లరి చేయలేదు. పక్క దారిలో చేతికి వేరే రంగు పట్టీ కట్టుకున్నవాళ్లు వచ్చి ఎక్కుతున్నారు, దిగి మళ్లీ ఎక్కుతున్నారు. ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి "టీచర్, వాళ్లు మనకంటే ముందొచ్చారా?" అని అడిగింది. లేదమ్మా, ఎక్కువ డబ్బు కట్టారు అని చెప్పాను. "ఓహో" అని వెళ్లి లైన్లో నిలబడింది. ఆ పిల్లకి అది తప్పనిపించలేదు, లోకం అంతేలే అనుకుంది. నాకు బాధ కలిగింది అక్కడే. బడిలో మంచినీళ్ల దగ్గర లైను తప్పితే మేం కోప్పడతాం కదా.

సియాటెల్_సుబ్బు:
టీచర్ గారూ, మీ మాట మనసుకి తగిలింది. దానికి నా దగ్గర వాదన లేదు. ఒక పరిమితి ఉండాలని నేనూ ఒప్పుకుంటా: లేన్‌కి గంటకి ఇన్ని సీట్లకి మించి అమ్మకూడదు, ఆ సంఖ్య అందరికీ కనిపించేలా పెట్టాలి. కానీ ఆ నియమం వచ్చేదాకా నా కుటుంబాన్ని లైన్లో నిలబెట్టి నేను ఎవరికి న్యాయం చేసినట్టు? నేను కొనకపోతే ఆ సీటు ఇంకొకరు కొంటారు.

ఆటిజం_అమ్మ_డల్లాస్:
ఇంకో వైపు కూడా చెప్పాలి. మా బాబుకి ఆటిజం. గుంపులో, శబ్దంలో, కదలని లైన్లో వాడు పది నిమిషాలు కూడా ఉండలేడు. మాలాంటివాళ్ల కోసం డిస్నీలో డీఏఎస్ అని ఉచిత సదుపాయం ఉంది. లైను ఎంతసేపు ఉంటే అంతసేపు బయట ఆగి, ఆ టైమ్‌కి లైట్నింగ్ లేన్‌లో వెళ్తాం. అంటే మేం ఎవరి సమయమూ తీసుకోవడం లేదు, లైన్లో బదులు బయట ఆగుతున్నాం. 2024లో దీన్ని బిగించి, ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకే అన్నారు. ముందే వీడియో కాల్‌లో మాట్లాడి అనుమతి తీసుకోవాలి.

మిగతా జబ్బులున్నవాళ్లలో చాలామందికి ఇప్పుడు ఇది దొరకడం లేదు. లైన్లో ఎక్కువసేపు నిలబడలేనివాళ్లు చివరికి డబ్బు పెట్టి పాస్ కొంటున్నారు. లేన్‌కి ధర పెట్టాక ఉచితంగా వెళ్లే ప్రతి మనిషినీ అనుమానంగా చూడటం మొదలవుతుంది. లేన్‌లో మా వెనక ఉన్నవాళ్లు మా బాబుని ఎగాదిగా చూస్తారు, వాడు చూడ్డానికి బాగానే ఉంటాడు కదా. అవసరం ఉన్నవాడికీ కొనగలిగినవాడికీ ఒకే తలుపు పెట్టకూడదు.

తెనాలి గారూ, మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే డీఏఎస్ రావడం కష్టం. పార్కులోనే వీల్‌చైర్ అద్దెకిస్తారు, చాలా లైన్లలోకి దాన్ని తీసుకెళ్లొచ్చు. మొహమాటపడొద్దని నాన్నగారికి చెప్పండి.

టాంపా_రాజు:
పాస్ లేకుండా మా ఇంట్లో ఎలా చేస్తామో చెప్తా. గేటు తెరవకముందే అక్కడ ఉండండి, మొదటి గంటన్నరలో అయ్యే రైడ్లు మధ్యాహ్నం నాలుగు గంటలు పట్టినా అవ్వవు. మధ్యాహ్నం హోటల్‌కి వెళ్లి పడుకోండి. ఎండ తగ్గాక రండి. మూసే టైమ్‌కి ఒక్క నిమిషం ముందు లైన్లోకి వెళ్లినా ఎక్కిస్తారు, కాబట్టి పెద్ద రైడ్ చివరికి పెట్టుకోండి. చిన్నపిల్ల ఎక్కలేని రైడ్లకి రైడర్ స్విచ్ అని ఉచితంగా ఉంది. ఒకరు పాపతో ఆగితే, మొదటివాళ్లు దిగాక రెండోవాళ్లు మళ్లీ లైన్లో నిలబడక్కర్లేదు. మీకు అమ్మమ్మ, తాతయ్య ఉన్నారు కాబట్టి అసలు దాని అవసరమే రాకపోవచ్చు.

మీ ప్లాన్‌లో యూనివర్సల్ పార్కులు కూడా ఉంటే: వాళ్ల పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో ఒక్క రాత్రి దిగితే చేరిన రోజుకీ ఖాళీ చేసే రోజుకీ ఎక్స్‌ప్రెస్ పాస్ (అక్కడి లైను దాటే పాస్) గదిలో ఉన్నవాళ్లందరికీ వస్తుంది. కొత్తగా 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుకి మాత్రం అది పనికిరాదు. ఆరుగురికి రెండు గదులు కావాలి, అది లెక్కేసుకోండి.

తెనాలి_కొలంబస్:
అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ నిన్న రాత్రి మా వారికీ నాన్నకీ చదివి వినిపించాను. టీచర్ గారి మాట దగ్గర మా వారు కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఇలా అనుకున్నాం: మేజిక్ కింగ్‌డమ్ రోజు బాబుకీ మా వారికీ మాత్రమే మల్టీ పాస్. మిగతా పార్కులకి వద్దు, పొద్దున్నే వెళ్తాం. నాన్న వీల్‌చైర్‌కి ఇంకా ఒప్పుకోలేదు.

ఓరుగల్లు_ఇంజినీర్:
మీ ఇల్లు, మీ నిర్ణయం, నేను తప్పు పట్టను. సుబ్బు గారు అడిగిన పరిమితి మాత్రం సరైన డిమాండ్. ట్రిప్ అయ్యాక మీ అభిప్రాయం అడుగుతూ మెయిల్ వస్తే అందులో స్టాండ్‌బైలో అమ్మగారూ నాన్నగారూ ఎంతసేపు నిలబడ్డారో రాయండి. పాస్ కొన్నవాళ్లు రాస్తే దానికి విలువ ఎక్కువ.

కిస్సిమ్మీ_పిన్ని:
జూన్‌లో ఇక్కడ మధ్యాహ్నం ఉరుములు, పెద్ద వానలు మామూలే. బయట తిరిగే రైడ్లు ఆపేస్తారు. మీ బుకింగ్ టైమ్‌లోనే రైడ్ ఆగిపోతే కంగారు పడొద్దు, యాప్‌లో దాని బదులు ఇంకో రైడ్‌కి వాడుకునే పాస్ వస్తుంది. రెయిన్‌కోట్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. వీల్‌చైర్ గురించి నాన్నగారితో కావాలంటే నేను మాట్లాడతాను, మెసేజ్ పెట్టండి.